కోటవురట్ల చుట్టాలు

మా అక్క మనవడు సత్యరాజు భార్యనూ, ఏడేళ్ల కూతురు షెకీనానూ వెంటబెట్టుకుని రంగూన్ నుంచి అనకాపల్లి వచ్చింది రెండువేల నాలుగు జూన్‌లో. బర్మాలో పుట్టి పెరిగినవాళ్లకు ఇదే పరాయి దేశం. వీసా ఒక్క ఏడాదికే ఇచ్చారు. దాన్ని పొడిగిస్తేనే ఉండగలరు. మా వెనక గది ఖాళీ చేసి ఇచ్చాను.

సత్యరాజు బెల్లం మార్కెట్లో దిమ్మలు కాటాకెత్తే పనికి కుదిరాడు. వాడి భార్య పేరు ఖిన్. మా నోటికి తిరగక కిన్నమ్మ అయింది. పొద్దున్నే ఒక చెట్టుబెరడు సానరాయి మీద అరగదీసి, ఆ గంధం తన చెంపలకూ కూతురి చెంపలకూ రాసేది. బడిలో ఏడిపిస్తున్నారని షెకీనా రెండురోజులు మారాం చేసింది. మూడోరోజు ఇద్దరూ ఉత్త మొహాలతోనే బయల్దేరారు.

ఎండురొయ్యలు నూరి పులియబెట్టిన ముద్ద లేనిదే కిన్నమ్మకు అన్నం దిగేది కాదు. పక్కింటి నూకరత్నం ముక్కు మూసుకుని గోడమీంచి అరిచింది.

"ఏటి అంతోనమ్మత్తా, సంద్రం మీ ఇంట్లోకొచ్చి సచ్చిందేటి?"

నాలుగు నెలలకు ఆ నూకరత్నమే గిన్నె పట్టుకుని వచ్చింది. "కొంచెం ఎట్టమను. మా ఆయనకి దాని మీద మనసడిపోయింది."

కిన్నమ్మ నవ్వుతూ "కూకో అక్కా" అంది. అప్పటికి ఆ మాత్రం మాటలు వచ్చేశాయి.

వీసా పొడిగింపుకు కాగితాలు పెట్టిన వారానికి, మధ్యాహ్నం పూట ఒక పోలీసాయన వచ్చాడు. ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. ఆయన చేతిలో పేర్ల జాబితా ఉంది.

"మామ్మా, ఇక్కడ బర్మావోళ్లు ఉంటన్నారట?"

నాకు ఎనిమిదేళ్లప్పుడు, బాంబులు పడుతున్న రంగూన్ రేవులో ఇలాగే ఒకాయన పేర్లు రాసుకున్నాడు. అమ్మ పేరూ నా పేరూ ఓడకు పిలిచారు. అక్క పేరు పిలవలేదు. గట్టు మీద నిలబడ్డ అక్కను మళ్లీ చూడలేదు. ఆ జాబితా చూడగానే గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"బర్మావోళ్లేటి బాబూ? ఆళ్లు మా కోటవురట్ల సుట్టాలు. పండక్కొచ్చేరు, ఎల్లిపోయేరు."

ఆయన ఏదో రాసుకున్నాడు, మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు. పిల్లల్ని కాపాడుకున్నాననుకుని ఆ పూట కడుపునిండా తిన్నాను.

నెలన్నరకు ఉత్తరం వచ్చింది. ఇచ్చిన చిరునామాలో వీళ్లెవరూ ఉండటంలేదట. పొడిగించరట. పదిహేను రోజుల్లో దేశం విడిచిపోవాలట. సత్యరాజు దాన్ని నాలుగుసార్లు చదివాడు.

"ఇక్కడే ఉన్నాం కదే మామ్మా! ఎవుడు సెప్పేడే అలాగ?"

నేనే చెప్పానన్నాను. వాడు తిట్టలేదు. చెప్పులు వేసుకుని "పద, విశాపట్నం ఎల్దాం" అన్నాడు.

ఆఫీసులో అధికారి నా మాట అంతా విన్నాడు. "అప్పుడు లేరన్నావు, ఇప్పుడున్నారంటున్నావు. ఏది నమ్మమంటావు మామ్మా?" అన్నాడు. కాళ్లు పట్టుకోబోతే లేచి నిలబడ్డాడు. రిపోర్టు పైకి వెళ్లిపోయిందట, ఇక తన చేతిలో లేదట. వీళ్లకు మళ్లీ వీసా దొరకడం కూడా కష్టమేనన్నాడు.

బస్సులో సత్యరాజు కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు. లంకెలపాలెం దాటాక అన్నాడు:

"కిన్నమ్మకి సెప్పకు మామ్మా. దానికి తల్లి లేదు. నిన్నే అమ్మనుకుంటంది."

చెప్పలేదు. ఆ పదిరోజులూ ఆమె వండింది తిన్నాను. ఆమె నా తల దువ్వుతుంటే కూర్చున్నాను. నా మోకాళ్లకు నూనె రాస్తుంటే కాళ్లు చాపుకున్నాను.

కలకత్తా బండి అనకాపల్లిలో రెండు నిమిషాలే ఆగింది. సత్యరాజు సామాను ఎక్కించాడు. షెకీనా కిటికీ దగ్గర చోటు కోసం పరుగెత్తింది. కిన్నమ్మ నా రెండు చేతులూ పట్టుకుని, మాటలు ఒక్కొక్కటే కూడదీసుకుంది.

"మల్లీ వత్తాం మామ్మా. గది ఎవులికీ ఇవ్వకు. సానరాయీ, రొయ్యల కుండా అక్కడే ఉంచేను."

సత్యరాజు తలుపు దగ్గర నిలబడి నన్నే చూస్తున్నాడు.

"ఇవ్వనమ్మా," అన్నాను. "ఎక్కు. బండి కదిలిపోతంది."