మామూలు మాట

“తిని కూచోటం తప్ప నీకేం తెలుసు?”

ఈసారి ఆ మాటన్నది బెంజిమిన్ కాదు. ఉజ్వల చేతిలోని ట్యాబ్.

షెర్లీ ట్యాబ్ వైపు వంగి చూసింది. తన మొగుడి మాట గురజాల చర్చి వెనక గదిలోకి ఎలా వచ్చింది?

ఉజ్వల ఏదో సంస్థ నుంచి వచ్చిన పిల్ల. మాట్లాడే కంప్యూటర్ మిషన్‌కి తెలుగు నేర్పుతున్నారట. ఏ మాట ఎవరికి ఎక్కడ గుచ్చుకుంటుందో ఎక్కడో కూర్చున్నవాళ్లకి తెలియదని, ఇక్కడి ఆడవాళ్లనే ముగ్గురేసి చొప్పున కూర్చోబెట్టి అడుగుతోంది. మాట వినాలి. మామూలు మాటో, నొప్పించే మాటో ముగ్గురూ కలిసి తేల్చి ట్యాబ్ మీద నొక్కాలి. “మీరు మామూలంటే మిషన్ కూడా మామూలే అనుకుంటుందండీ. రేపు ఎవర్నైనా అనేస్తుంది” అని ముందే హెచ్చరించింది.

“మామూలే,” అంది షెర్లీ అత్త గ్రేసమ్మ, వక్క నములుతూ. “మీ మామ నన్ను పొద్దస్తమానం అనేవోడు.”

“ఇది నొప్పయితే నా కొట్లో బామ్ డబ్బాలు మిగలవమ్మా!” కిరాణా కొట్టు నాగేంద్రమ్మ పకపకా నవ్వింది. “నొక్కు, నొక్కు. మామూలే.”

షెర్లీ వేలు కదల్లేదు.

నిన్న పొద్దున్నే లేచి వండి, క్యారేజీలు సర్ది, పొద్దుగుంకేదాకా చేలో మిరపకాయలు కోసి ఇంటికొస్తే చుట్టాలు. మళ్లీ పొయ్యి. వడ్డిస్తూ వడ్డిస్తూ, “కాయలు ఇప్పుడే అమ్మొద్దు, కోల్డ్ స్టోరేజీలో పెడదాం” అంది. అంతే. బెంజిమిన్ ముద్ద కలుపుతూనే ఆ మాటన్నాడు. చుట్టాలు నవ్వారు. వాళ్లతో పాటు తనూ నవ్వింది. కళ్లల్లో నీళ్లు తిరిగితే తుడుచుకోవడానికీ లేదు, చేతులనిండా మిరప ఘాటు. ఇలా నవ్వీ నవ్వీ ఆ మాటకి ఇంట్లో పీట వేసింది తనే కదా! ఇప్పుడు ఊరూరా తన చేత్తోనే పంపాలా?

“నొప్పించే మాటే,” అంది.

గ్రేసమ్మ ఆమె మోచెయ్యి గిల్లింది. “ఏమే, నిన్నెవరన్నారని అడిగితే ఏం చెప్తావు? ఇంటి గుట్టు బజార్న పెడతావా?”

“ముగ్గురికీ తెలిసిందాన్ని గుట్టంటారా అత్తయ్యా?”

“మొగోళ్లు చానా అంటారు. దులుపుకుని పోవాల. మామూలేగా!”

“మామూలే అయితే సరే. రాత్రికి అన్నం పెట్టేటప్పుడు మీ అబ్బాయిని నేనంటా. తిని కూచోటం తప్ప నీకేం తెలుసని.”

“నోర్ముయ్! మొగుణ్ణి పట్టుకుని అంత మాటంటావా?”

నాగేంద్రమ్మ నవ్వు టక్కున ఆగింది. గ్రేసమ్మ ముఖంలోకి చూసింది.

“అంత మాటేంది వదినా? మనల్నంటే మామూలూ, వాళ్లనంటే అంత మాటానా?”

గ్రేసమ్మ కిటికీవైపు తిరిగింది. దవడ కదలడం మానేసింది.

“నొప్పే,” అంది చివరికి, ఎవరి మొహమూ చూడకుండా. “నొక్కండి.”

షెర్లీ నొక్కింది. ఎందుకు నొప్పో గొంతుతో చెప్పమని అడిగింది ట్యాబ్.

“పేర్లు అక్కర్లేదండీ,” ఉజ్వల తొందరపడుతూ అంది.

షెర్లీ ట్యాబ్‌ని తనవైపు లాక్కుంది. గ్రేసమ్మ ఆపలేదు.

“నా పేరు షెర్లీ. మా ఆయన పేరు బెంజిమిన్. ఆ మాట ఆయన నన్ను మామూలుగానే అంటాడు. నొప్పి అందుకే.”