ఇందుమతి రైలెక్కుతుందా

మేము పనికొచ్చిన గల్ఫ్ దేశంలోకి ఇరాక్ సైన్యం వచ్చాక విమానాలు ఆగిపోయాయి. వాటితోపాటు మిర్కాబ్‌లోని దుకాణానికి వచ్చే తెలుగు వారపత్రికలూ ఆగాయి. మేము చదువుతున్న సీరియల్ రైల్వే ప్లాట్‌ఫారం మీదే నిలిచిపోయింది. టీ తెస్తానని దిగిన భర్త రాలేదు. రైలు కూత వేసింది. ఇందుమతి ఒక కాలు మెట్టు మీద పెట్టి వెనక్కి చూస్తోంది.

నేనూ సంజీవమ్మా అర్దియాలో ఒకే ఇంట్లో పనిచేసేవాళ్లం. ఆమెకు చదువు రాదు. సీరియల్ నేను చదివితే వినేది. ఆమె భర్త చిన్నపుల్లయ్య ఆ ఇంటి డ్రైవరు. సైన్యం వచ్చిన ఉదయం మామావాళ్లను, అంటే ఆ ఇంటి యజమానురాలి కుటుంబాన్ని, కారులో సౌదీ సరిహద్దుకు తీసుకెళ్లాడు. తిరిగి రాలేదు. మేమిద్దరం, మా రాయచోటి వైపుదే అయిన వెంకటేశ్వరి, మిర్కాబ్‌లో ప్రసూనగారి ఫ్లాట్‌లో తలదాచుకున్నాం. ఆమె విజయవాడ ఇంజనీరుగారి భార్య.

అమ్మాన్‌కు పోయే బస్సులో అందరి పేర్లూ రాశారు. అక్కణ్ణుంచి విమానంలో ఊళ్లకు. బస్సు రేపు. సంజీవమ్మ మాత్రం రానంది. ఆయన వస్తే ఇక్కడ ఎవరుంటారంది. ఎవరు చెప్పినా వినలేదు.

ఆ మధ్యాహ్నం కాలక్షేపానికి, సీరియల్ తరువాయి భాగం మనమే రాద్దామన్నారు ప్రసూనగారు. పెళ్లికి ముందు ఆమె కథలు రాసేవాళ్లతో కలిసి కూర్చునేవారట. అక్కడి పద్ధతి చెప్పారు. చదివినవాళ్లు, అందరూ మాట్లాడేదాకా నోరు విప్పకూడదు. విన్నవాళ్లు తమకు కనబడింది ముందు చెప్పాలి, కనబడనిది తర్వాత.

ముందు ఆమే చదివారు. భర్త రెండు టీ గ్లాసులతో పరుగెత్తుకొచ్చి ఆఖరి పెట్టె ఎక్కాడు.

"టీ బాగా కనబడింది మేడం," అంది వెంకటేశ్వరి. "ఒక్క చుక్క గూడా ఒలకలే. ఆయప్ప మొగుడా, సర్కస్ వాడా?"

ప్రసూనగారు పద్ధతి ప్రకారం పెదవులు బిగించి కూర్చున్నారు.

నేను రాసినదాంట్లో ఇందుమతి కాలు వెనక్కి తీసుకుంది. రైలు వెళ్లిపోయింది. భర్త మీద నమ్మకంతో ఆమె బెంచీ మీద దేవతలా కూర్చుంది. పక్కన కుళాయి కారుతోంది.

"బెంచీ కనబడింది, కుళాయి కనబడింది," అంది వెంకటేశ్వరి. "దేవత కనబడలే."

"కుళాయి బాగుంది సుధా," అన్నారు ప్రసూనగారు. "కానీ ఎందుకు ఆగిపోయిందో తెలియలేదు. నమ్మకం అని నువ్వు అంటున్నావు. ఆవిడేమీ అనట్లేదు."

సంజీవమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తకుండానే అంది.

"నువ్వు ఆమెను మంచిదాన్ని చేసినావు పాపా. ఆమెది మంచితనం గాదు, భయం. రైలెక్కితే యాడికి పోతాది? అత్త ముందరికి. నా కొడుకు యాడమ్మే అని అడుగుతాది అత్త. దానికి ఆమె కాడ మాట లేదు. అందుకే కూచునింది."

ఎవరి సంగతో అందరికీ తెలుసు.

"అయితే ఆ మాటేదో మనమే రాసిద్దాం ఆవిడకి," అన్నారు ప్రసూనగారు. "క్షేమంగా ఉన్నారు అత్తయ్యా, కంగారుపడకండి అంటే?"

"యాడుండాడో తెలీనోడికి క్షేమం యాడనుంచి తెచ్చేది మేడం," అంది వెంకటేశ్వరి.

నేను కాగితం తిప్పి రాశాను. ఇందుమతి రైలెక్కింది. ఊరు చేరింది. అత్త వాకిట్లోకి వచ్చి అడిగింది. "వెనక బండికి వస్తాడత్తా" అంది ఇందుమతి. అంతవరకు చదివాను.

"ఆ మాట తీసెయ్," అంది సంజీవమ్మ. "వస్తాడని నాకు తెలీదు."

అందరూ మాట్లాడేదాకా నేను నోరు విప్పకూడదు. అయినా అడిగాను. "మరేం రాయాల?"

ఆమె చేట ఆపి చెప్పింది.

"నేను బయలెల్లేదాకా రాలేదత్తా. నేను చూసిందంతా చెప్తా, కూచో. అంతే రాయి."

రాసి చదివాను. మళ్లీ చదవమంది. చదివాను.

"కూచో అనేదానికి ముందర, నీళ్లు తాగి అని పెట్టు," అంది. "ముసలామె."

పెట్టాను. సంజీవమ్మ ఏరిన బియ్యం డబ్బాలో పోసి, చేట గోడకు ఆనించింది.

"ఏమ్మే వెంకటేశ్వరీ," అంది, "బస్సులో ఎంత సామాను ఎక్కనిస్తారంట?"