గుడ్లను కాచిన డైనమో

నేను ఒక డైనమోని. అయస్కాంతాల నడుమ గిర్రున తిరిగే రాగితీగ చుట్ట నా ప్రాణం. ముందుగా మా యజమాని బావమరిది సత్తిరాజు మీద నా ఫిర్యాదు వినండి. నా సత్తువ చచ్చిపోయిందని నింద వేశాడు ఆ మహానుభావుడు.

పుట్టింది పోలీసుల వైర్‌లెస్ పెట్టెకి, చేత్తో తిప్పే యంత్రంగా. తిప్పి తిప్పి విసిగి నన్ను తూకానికి అమ్మేశారు. ఇనపసామాన్ల కొట్టులో ఆరేళ్లు ఎండావానా తిన్నాక అప్పన్న చేతికి చిక్కాను. ఆరో తరగతితో బడి మానేసిన మోటారు మెకానిక్కు. పది చుట్లకి ఒక చింతగింజ పక్కన పెట్టుకుంటూ నా చుట్లు కొత్తగా చుట్టాడు. వాగు మీద కట్టిన నీటిచక్రానికి బెల్టుతో తగిలించాడు.

నా లెక్క సులువు. నెమ్మదిగా తిప్పితే మిణుగురంత వెలుగు, జోరు పెంచితే ఓల్టేజీ పెరుగుతుంది. రెండింతలు తిప్పితే రెండింతలు. అప్పన్న పన్నెండు ఓల్టులకి సరిపోయేలా నా ఇరుసుకి పుల్లీ, అంటే బెల్టు తిరిగే చక్రం, వేశాడు. నాలుగు బల్బుల వేడితో పెట్టెలో నూట ఇరవై నాటుకోడి గుడ్లు పొదిగిస్తున్నాడు. రోజూ ఒక గుడ్డు తీసి కంటిరెప్పకి ఆనించి వేడి చూసేవాడు. ఉన్నదంతా వాటిలోనే పెట్టాడు పాపం.

పదిహేనో రోజున నూకలు తేవడానికి సంతకెళ్తూ, బావమరిది సత్తిరాజుని కాపలా పెట్టాడు. బల్బులు మసగ్గా ఉన్నాయనిపించింది వాడికి. తను పనిచేసిన రైసుమిల్లులో వెలుగు తగ్గితే పుల్లీ మార్చేవాళ్లట. నా పుల్లీ తీసి, అందులో సగముండేది బిగించాడు. పుల్లీ సగమైతే నా వేగం రెండింతలు. వాగు నిండుగా ఉంది. నేను ఆపుకోలేనంత జోరుగా తిరిగాను. బల్బులు తెల్లగా వెలిగి, టప్పుమని మాడిపోయాయి.

తిరిగొచ్చిన అప్పన్న నన్నే విప్పి చూశాడు. తీగ బాగానే ఉంది.

"పాతది బావా, దానికి సత్తువ లేదు," అన్నాడు సత్తిరాజు, నేల చూస్తూ.

"సత్తువ లేనిదానికి బల్బులెలా మాడతాయిరా?" అని అప్పన్న చిన్న పుల్లీ మీద వేలు పెట్టాడు.

"బావాబామ్మర్దుల పంచాయితీ తరవాత," అంది అప్పన్న భార్య సీతాలు. "గుడ్లు చల్లారుతున్నాయి. పొదిగే కోళ్లున్న ఇళ్లకి పొండి."

మా వైపు ఒక ఆనవాయితీ ఉంది. పొదుగు కోడిని అడిగితే ఇస్తారు, దానికి ప్రతిగా రెండు పిల్లలు తీసుకుంటారు. తొమ్మిది కోళ్లు దొరికాయి. వాటిని గంపల కింద దించి, గుడ్లు పంచి పెట్టింది సీతాలు. తొమ్మిదో కోడిని చంకలో పెట్టుకొచ్చింది సత్తిరాజే, చేతినిండా పొడిపించుకుని. అందుకే వాడి మీద నాకు సగం కోపమే మిగిలింది.

డెబ్బై ఒక్క పిల్లలు లేచాయి. కోళ్ల వాళ్ల వాటా పోను యాభై మూడు. అప్పన్న నన్ను తూకానికి వేయలేదు. పాత పుల్లీ బిగించి, నూనె చుక్క వేసి మళ్లీ తిప్పాడు. ఇన్ని చేతులు మారాక, తప్పు నాది కాదని నమ్మినవాడు ఇతనొక్కడే. ఆ మేలు మరిచిపోను. ఆ యాభై మూడింటితోనే మళ్లీ మొదలెట్టాడు గానీ, గుడ్ల కోసం అమ్ముకున్న నేల మాత్రం తిరిగి రాలేదు. వాగు అవతల మెట్ట, పద్నాలుగు సెంట్లు.