పదో రోజు హాజరు

లింగం నలభై ఏళ్లుగా మన్ను తవ్వుతున్నాడు. పార ఒక్క పోటు వేస్తే చాలు, రేగడి ఎంత లోతుందో, ఎక్కడ జారుతుందో చెప్పేస్తాడు. అలాంటి మనిషికి తన ఇంటి గోడ పక్కన గుంత తీయొద్దని చెప్పడానికి నోరు పెగల్లేదు.

తొంభై తొమ్మిది మే చివర్లో, బాన్సువాడ బస్టాండు వెనుక కొత్తగా పెట్టిన డిగ్రీ కాలేజీ పిల్లలు ఎన్నెస్సెస్ క్యాంపు అని లింగం ఊరికి వచ్చారు. బీర్కూర్ పోయే దారిలో ఊరు. బడిలో దిగారు. పొద్దున శ్రమదానం, పగలు ఇంటింటి సర్వే, సాయంత్రం పాటలు. ఆ యాభై మందిలో లింగం బిడ్డ స్పందన కూడా ఉంది. బీయే రెండో ఏడు.

"బాపూ, పది దినాలు పూరా హాజరుండాలె. ఒక్క దినం నాగా పడ్డా సర్టిఫికెట్ ఇయ్యరు. గది ఉంటే పై సదువుకు సీటు కాడ అక్కరకొస్తదట," అని మొదటి రోజే చెప్పింది.

లింగం తల ఊపాడు. బిడ్డ పేరు అచ్చేసిన కాగితం. దాన్ని తెల్ల సున్నం వేసిన దక్షిణపు గోడకు తగిలించాలని అనుకున్నాడు. మేకు కూడా కొట్టి పెట్టాడు.

మూడో రోజు క్యాంపు లీడరు వంశీ వచ్చాడు. అతను హరనాథబాబు కొడుకు. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద ముప్పై ఎకరాలు కొన్న హరనాథబాబు దగ్గరే లింగం జీతముంటున్నాడు.

"ఏం లింగం, నీకు మరుగుదొడ్డి కట్టిస్తున్నాం. ఊళ్లో మొదటిది నీదే," అన్నాడు వంశీ.

"మంచిదే చిన్నబాబూ. గుంత యాడ తీస్తరు?"

వంశీ దక్షిణపు గోడకు మూరెడు దూరంలో చెప్పు కాలితో గీత గీశాడు.

"జర అవుతలికి..."

"అవతల మా గట్టు కదయ్యా. నాన్నగారు ఊరుకుంటారా? పైగా బ్యానరు కట్టడానికి గోడ కావాలి. ఫొటోలో పడాలి కదా."

లింగం భార్య సమ్మవ్వ గడపలోంచి అంది. "మట్టిగోడ బాబూ. వానొస్తే కూసుంటది."

"రేపోమాపో సిమెంటు రింగులొస్తాయి. గుంతలో దించేస్తే నీ గోడకంటే గట్టిగా ఉంటుంది. నీకెందుకవ్వా భయం?"

స్పందన సర్వే నోటుబుక్కు గుండెలకు అదుముకుని తండ్రి దగ్గరికి జరిగింది. "వద్దనకు బాపూ. సర్టిఫికెట్లకు పేర్లు పంపేది వంశీనే," అని గొణిగింది.

లింగం వద్దనలేదు.

ఏడుగురు పిల్లలు పారలు పట్టారు.

"అరేయ్ ప్రవీణ్, మన్ను తవ్వుతున్నవా, తల దువ్వుతున్నవా?"

"నీ పెండ్లికి పొయ్యి తవ్వుతున్న బావా, జర ఓపిక పట్టు!"

మోకాలి లోతుకే చేతులు బొబ్బలెక్కాయి. వంశీ పార తెచ్చి లింగం చేతిలో పెట్టాడు. "నువ్వందుకో. నీకిది గంట పని."

పొలం పని ముగించుకుని రెండు సాయంత్రాలు లింగం తవ్వాడు. అయిదడుగుల లోతు. అంచులు దారం పట్టి కోసినట్టు తీశాడు. పని తప్పుగా చేయడం అతనికి రాదు. బాన్సువాడ నుంచి ఫొటో తీసేవాడు వచ్చినప్పుడు పిల్లలు మళ్లీ పారలు పట్టుకుని గుంత చుట్టూ నిలబడ్డారు.

"లింగం, నువ్వు పక్కకు జరుగు. స్టూడెంట్లే ఉండాలి."

లింగం జరిగాడు. రింగులు రాలేదు.

తొమ్మిదో రోజు పొద్దుగూకకముందే గాలీ వానా ఒక్కసారి విరుచుకుపడ్డాయి. గోడ పక్కన తడుస్తున్న పిడకలు ఎత్తడానికి సమ్మవ్వ వంగింది. గోడ కూలలేదు, అడుగు జారి గుంతలోకి కూర్చుంది. సమ్మవ్వను నడుము దాకా మన్నులో పట్టుకుని కూర్చుంది.

లింగం చేతులతోనే మన్ను తీశాడు. తొడ ఎముక విరిగింది. హరనాథబాబు ట్రాక్టరు అడుగుదామని పరుగెత్తాడు. ముగింపు సభకు కుర్చీలు తేవడానికి అది బాన్సువాడ వెళ్లిందట. ఎవరిదో ఆటో దొరికేసరికి చీకటి పడింది.

మరునాడు దవాఖానలో స్పందన గోడ గడియారం వైపు చూస్తూ కూర్చుంది.

"నువ్వు పో బిడ్డా. హాజరు ఏసి రా."

"ఆడోళ్ల వార్డుల నిన్ను ఉండనియ్యరు బాపూ. అవ్వను ఎవలు చూస్తరు?"

పది దాటింది. పన్నెండు దాటింది. ఆ తర్వాత ఆమె గడియారం చూడలేదు.

నెలన్నరకు కాలేజీలో సర్టిఫికెట్లు ఇచ్చే రోజు వచ్చింది. లింగం కూడా బిడ్డ వెంట వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాడు. క్యాంపు పెద్ద భీంరావు సారు రిజిస్టరు మీద వేలు పెట్టాడు.

"తొమ్మిది దినాలే ఉన్నయి అమ్మా."

"పదో దినం దవాఖానల ఉన్న సార్. మా అవ్వ మీద గోడ పడ్డది. క్యాంపుల తీసిన గుంత వల్లనే."

సారు ముఖం బిగుసుకుంది. "క్యాంపు వల్ల గోడ పడ్డదా? గట్ల కాయితం రాసిస్తవా నువ్వు?"

బెస్ట్ వాలంటీరు కప్పు చంకలో పెట్టుకున్న వంశీ ముందుకు వంగాడు. "మా వాళ్లు మోకాలి లోతే తీశారు సార్. ఆపైన లింగమే తవ్వుకున్నాడు. అదిగో, ఉన్నాడు, అడగండి."

"ఏందయ్యా, ఎవలు తవ్విండ్రు?"

అందరూ తలుపు వైపు తిరిగారు. స్పందన కూడా తిరిగింది. రేపు హరనాథబాబు పొలంలో నాట్లు.

"నేనే సార్."

"గోడ పక్కన తవ్వద్దని తెల్వదా? ఇంత వయసొచ్చింది!"

"తెలుసు సార్."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. సారు రిజిస్టరు మూశాడు. బల్ల మీద ఆల్బం తెరిచి ఉంది. బ్యానరు కట్టిన తెల్ల గోడ, నవ్వుతున్న ఏడుగురు. అంచున ఒక తట్టా, దాన్ని పట్టుకున్న చెయ్యీ మాత్రం పడ్డాయి. ఆ చెయ్యి స్పందనది.

మెట్ల దగ్గర వంశీ వెనకే వచ్చాడు. "లింగం, ఆ గుంత పూడ్చకు. యూనివర్సిటీ నుంచి చూడటానికి వస్తారు."

"అట్లనే చిన్నబాబూ."

బస్సులో స్పందన తండ్రి పక్కన కూర్చోలేదు.

తెల్లారి లింగం గుంత చుట్టూ తుమ్మ కంప పెడుతున్నాడు. గోడ ఉన్నచోట కట్టిన ప్లాస్టిక్ పట్టా ఎత్తుకుని స్పందన బయటికి వచ్చింది. సమ్మవ్వ పాత చీర కట్టుకుని మోకాళ్లపైకి చెక్కుకుంది.

"కాలేజీ?" అన్నాడు లింగం.

"నాట్లకు అవ్వ పేరు కాలు ఇరగకముందే చెప్పినవు గద. అవ్వకు బదులు నేను పోతున్న." కంప దాటుకుని గట్టెక్కింది. "ఆడన్న హాజరు నాగా పడొద్దు."

లింగం ఇంకో కొమ్మ తెచ్చి ఖాళీ ఉన్నచోట అడ్డం పెట్టాడు.