వెనక బల్ల కింది ఒద్దులు

పాశమైలారం బడిలో ఐదో తరగతికి రేకుల గది. పక్క ఫ్యాక్టరీ కంప్రెసర్ మొదలైందంటే రేకులు గుంయ్‌మనేవి, పిల్లల చెవులదాకా చేరని మాటలు నేలమీద రాలేవి. శనగపొట్టులా తేలికగా ఉండేవి. ఆయా సత్తెమ్మ సాయంత్రం వాటిని చాక్‌పొడితో పాటే ఊడ్చి, చేటకెత్తి, గోడ అవతల పారబోసేది.

ఆ శుక్రవారం చీపురు సాగలేదు. హెడ్మాస్టర్ కైలాసం హాజరు రిజిస్టర్ తెరుచుకుని కూర్చున్నాడు.

"నీ బిడ్డ మొండిది సత్తెమ్మా. లెక్క చివర సున్నా పెట్టొద్దంటే కావాలని పెడ్తది. కొట్టినా గంతే. పేరు కొట్టేస్త, ఇగ తోలుకపో."

పేరు కొట్టేస్తే బిడ్డ విమలకు సోమవారం నుంచి ఫ్యాక్టరీలో సీసాలు కడిగే పనే. మేస్త్రి ఇప్పటికే రెండుసార్లు అడిగిపోయాడు. పదేళ్ల పిల్ల, యాసిడ్ నీళ్లలో చేతులు!

సత్తెమ్మ ఏడుపు దాచుకోవడానికి బిడ్డ కూర్చునే వెనక బల్ల కిందికి వంగింది. ఈ ఒక్కరోజుకే జానెడు కుప్ప. ఇన్నేళ్లూ ఊడ్చిందేగాని ఎన్నడూ ఒక్కటి చేతికి తీసుకున్న పాపాన పోలేదు. ఇవాళ ఒకటి చెవి దగ్గర పెట్టుకుంది. సారు గొంతే. 'ఒద్దు'. ఇంకొకటి, 'ఒద్దు'. అన్నీ అవే.

"సారూ, నా బిడ్డ మొండిది కాదు. మీ మాటకు తోక తెగిపడుతున్నది. జెర ఈడికొచ్చి కూసోండ్రి."

కైలాసం విసుక్కున్నాడు. ఆమె కదలలేదు. వదిలించుకుంటే చాలనుకుని, రిజిస్టర్‌తో సహా వెళ్లి ఆ ఇరుకు బల్లలో మోకాళ్లు ఇరికించుకున్నాడు. సత్తెమ్మ బోర్డు దగ్గర నిలబడింది. కంప్రెసర్ అందుకుంది.

"నా బిడ్డ పేరు కొట్టెయ్యొద్దు సారూ!"

కైలాసం విన్నది 'కొట్టెయ్' అనే. తల్లే ఒప్పుకుంది కదా అని పెన్ను కాగితానికి ఆనించాడు. ఆపడానికి సత్తెమ్మ పరుగెత్తబోయింది.

అంతలో టప్పున ఒక మాట రిజిస్టర్ మీద, సరిగ్గా విమల పేరు మీద రాలింది. కైలాసం దాన్ని చెవికి ఆనించుకున్నాడు. సత్తెమ్మ గొంతే. 'ఒద్దు'. ముఖం నల్లబడింది. ఏదో అన్నాడు, సత్తెమ్మకు వినబడలేదు. లేచి, ఆ బల్లను తనే ఈడ్చుకొచ్చి తన కుర్చీ పక్కన వేశాడు.

సోమవారం మేస్త్రి తరగతి గుమ్మంలో నిలబడి, "ఓ విమలా, పనికి పా!" అని కేకేశాడు. రేకులు గుంయ్‌మంటున్నాయి. పిలుపు గడప దగ్గరే రాలింది.

సత్తెమ్మ చీపురు తీసుకుంది.