పోస్టరు మీద పిల్ల

బుల్లికి కళ్ళజోడు అక్కర్లేదు. గోడ మీది అక్షరాల చార్టులో చిట్టచివరి వరుస కూడా గడగడా చదివేస్తుంది. అయినా రెండేళ్ళుగా రోజుకో కొత్త కళ్ళజోడు పెట్టుకుని ఊరందరి ఫోన్లలోనూ నవ్వుతూనే ఉంది. గుండ్రటివి, పలకలవి, చలువద్దాలు. వాటిలో సగం ఆమె చేత్తో ముట్టుకుని కూడా ఎరగదు.

మొదలుపెట్టింది మాత్రం తనే. ఆ తప్పు ఇంకొకరి మీదికి నెట్టడానికి లేదు. కళ్ళజోళ్ళ దుకాణం బాబాయిది, అంటే పిన్ని భర్తది. నాన్న పోయాక బుల్లినీ వాళ్ళమ్మనీ తీసుకొచ్చి, దుకాణం పైన రెండు గదులిచ్చి ఉండమన్నాడు. బుల్లి చదువు పూర్తికాగానే "కౌంటర్లో కూర్చో తల్లీ, ఏడాది తిరిగేలోపు కళ్ళు పరీక్ష చెయ్యడం, అద్దాలు అరగదియ్యడం అన్నీ నేర్పిస్తా" అన్నాడు. మనిషి మంచివాడే. మంచివాళ్ళతో వచ్చే చిక్కే అది, ఎదురు చెప్పడానికి నోరు రాదు.

కౌంటర్లో కూర్చున్న మూడో నెలలో, వీధిలో దుకాణాలన్నీ ఫోన్లలో పోస్టర్లు పెడుతున్నాయని తెలిసి బాబాయికి కాలు నిలవలేదు. బుల్లి కంప్యూటర్లో ఒక ఏఐ అసిస్టెంటును పట్టుకుంది. ఏం కావాలో మామూలు మాటల్లో రాస్తే చాలు, బొమ్మ చేసి ఇస్తుంది. "కళ్ళజోడు పెట్టుకున్న అమ్మాయి, నవ్వుతూ, వెనక నీలం రంగు" అని రాసింది. కళ్ళజోడు కాడ చెవి మీదికి పోకుండా చెంపలోకి దూరిపోయింది. రెండోసారి అడిగితే మూడు కాడలొచ్చాయి. మూడోసారి కాడలు కుదిరాయిగానీ, అమ్మాయి ఏ దేశపు మహారాణో అన్నట్టుంది.

"ఈవిడ మన దుకాణం మెట్లెక్కుతుందంటే ఎవరు నమ్ముతారు?" అన్నాడు బాబాయి.

విసుగెత్తిన బుల్లి తన ఫొటో ఒకటి ఎక్కించి "ఈ అమ్మాయికి పెట్టు" అని రాసింది. అర నిమిషం పట్టలేదు. అంత చిన్న పని.

ఆ పోస్టరు చూసి జనం వచ్చారు. ఇక బాబాయికి పట్టపగ్గాల్లేవు. వానొస్తే వాన పోస్టరు, ఎండ కాస్తే చలువద్దాల పోస్టరు, బళ్ళు తెరిస్తే పిల్లల పోస్టరు. అసిస్టెంటు దేనికీ కాదనదు. ఎన్నిసార్లు అడిగినా "సిద్ధంగా ఉంది. ఇంకో రంగులో చూస్తారా?" అంటుంది. దాని మర్యాద చూస్తే బుల్లికి ఒళ్ళు మండేది. పొద్దున షట్టరు ఎత్తింది మొదలు మధ్యాహ్నం దాకా పోస్టర్లు, ఆ తర్వాత వాటి కింద జనం పెట్టిన కామెంట్లకి జవాబులు. పరీక్ష గది తలుపు ఆమె కుర్చీకి ఐదడుగుల దూరం. లోపల బాబాయి "ఇదా, ఇదా? మొదటిది బాగుందా, రెండోదా?" అంటూ అద్దాలు మార్చడం వినిపిస్తూనే ఉండేది.

"నాకెప్పుడు నేర్పిస్తావు బాబాయ్?" అంటే, "నేర్చుకుందువులే, ముందు రేపటి పోస్టరు సంగతి చూడు" అనేవాడు.

అడిగి అడిగి నోరు పడిపోయాక, ఒకరోజు బుల్లి బజారు చివర ఉన్న ఇంకో కళ్ళజోళ్ళ దుకాణానికి వెళ్ళింది. దాన్ని నడిపే మేడమ్‌కి మాట పొదుపు. ఒక ఫ్రేము చేతికిచ్చి మర బిగించమంది. బుల్లి బిగించింది.

"చెయ్యి నిలకడగా ఉంది. పని నేర్పుతాను. సోమవారం రా" అంది మేడమ్. బుల్లి మెట్లు దిగబోతుంటే వెనక్కి పిలిచింది. "ఆ పోస్టర్ల పిల్లవి నువ్వే కదూ? అవి ఆపించుకుని రా. నా కౌంటర్లోనూ నువ్వే, వాళ్ళ పోస్టర్లోనూ నువ్వే అయితే, ఇది వాళ్ళ బ్రాంచి అనుకుంటారు జనం."

న్యాయమైన మాటే. దాన్ని బాబాయి చెవిన వెయ్యడానికి బుల్లికి మూడు రోజులు పట్టింది. భోజనాల దగ్గర చెప్పేసింది. అమ్మ పళ్ళెంలోంచి తల ఎత్తలేదు. పిన్ని మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని మొగుడి మొహం చూసింది. కేకలేస్తాడనుకున్నారు. వెయ్యలేదు.

"వెళ్ళు తల్లీ, నిన్నేమైనా కట్టేశానా? నీ ఫొటో తీసేద్దాం. నీ బదులు ఇంకో పిల్లని చేసిపెట్టి వెళ్ళు. అసిస్టెంటు ఉండనే ఉంది."

ఇంత సులువా అనుకుంది బుల్లి. ఆ పూట ఆమె రెండు ముద్దలు ఎక్కువే తింది.

మర్నాడు ఇద్దరూ కంప్యూటరు ముందు కూర్చున్నారు. బుల్లి తన ఫొటో తీసేసి, కొత్త అమ్మాయి కావాలని రాసింది. నాలుగు మొహాలొచ్చాయి. బాబాయి అలవాటుకొద్దీ ముందుకు వంగి ఒక కన్ను చికిలించాడు.

"ఇదా, ఇదా?" అంది బుల్లి.

"రెండోది కాస్త నయం. గడ్డం పొడుగ్గా ఉంది, తగ్గించమను."

తగ్గించింది.

"కనుబొమలు పల్చన చెయ్యి. మార్పు జనానికి కొట్టొచ్చినట్టు తెలియకూడదు."

అలా చెబుతూ పోయాడు. బుల్లి రాస్తూ పోయింది. పదమూడోసారి ఆమె చేతులు ఆగిపోయాయి. ఏం రాస్తోందో అప్పుడు చూసుకుంది: ముక్కు కొద్దిగా వెడల్పు, పైపెదవి పల్చన, నవ్వితే కుడివైపు ఎక్కువ. అద్దం ముందు నిలబడి తన మొహాన్ని తనే చదివి రాసిచ్చినట్టుంది.

"బాబాయ్, ఇది నేనే."

"నువ్వెలా అవుతావు? నీ ఫొటో నువ్వే తీసేశావుగా. అదీగాక నీకు చెంప మీద పుట్టుమచ్చ ఉంది, ఈ పిల్లకి లేదు. చూడు."

"ఇంకోటి చేద్దాం."

"ఇంత బాగా కుదిరాక మళ్ళీ మొదటికెందుకు? ఇదే ఉండనీ."

ఆయన మోసం చెయ్యడం లేదు. అదే బుల్లిని చంపింది. నిజంగానే అది వేరే పిల్ల అనుకుంటున్నాడు. బుల్లికి ఏడుపొచ్చింది, ఎవరి మీద విరుచుకుపడాలో తెలియని ఏడుపు. పైకెళ్ళి అమ్మతో చెప్పుకుంది.

"వాళ్ళింట్లో ఉంటున్నాం బుల్లీ" అంది అమ్మ, మడతపెడుతున్న దుప్పటి వదలకుండా. "వెళ్ళమన్నాడు కదా. ఒక బొమ్మ కోసం రాద్ధాంతమెందుకు?"

సోమవారం బుల్లి వెళ్ళేసరికి మేడమ్ ఫోను చేతిలో పట్టుకుని కౌంటర్ దగ్గరే ఉంది. కొత్త పోస్టరు ఆ పొద్దునే బయటికొచ్చింది.

"ఆపించుకుని రమ్మన్నానే?"

"ఆగిపోయాయండీ. ఇది నేను కాదు. అసిస్టెంటు చేసిన బొమ్మ."

మేడమ్ ఫోను తెచ్చి ఆమె మొహం పక్కన పెట్టింది. అటు చూసింది, ఇటు చూసింది. కళ్ళు చూసి బతికే మనిషి, తొందరపడలేదు.

"మరెవరు?"

"ఎవరూ కాదండీ."

"ఎవరూ కాని మనిషి అచ్చం నీలా ఎందుకుంటుంది?"

బుల్లి దగ్గర జవాబుంది. తన చేత్తో తనే రాసింది కాబట్టి అని చెప్పాలి. చెప్పలేకపోయింది.

"నువ్వు అబద్ధమాడుతున్నావని నేననను" అంది మేడమ్, గొంతు తగ్గించి. "కానీ నా దగ్గరికొచ్చేవాళ్ళు చూపు సరిగ్గా ఆనక వచ్చేవాళ్ళమ్మా. వాళ్ళకి ఈ తేడా ఎలా చూపించను? ఆ పిల్ల పోస్టరు దిగాక రా."

ఆ పిల్ల ఎందుకు దిగుతుంది? దానికి వయసు రాదు, విసుగు రాదు, ఏదో నేర్చుకోవాలని ఉండదు.

బుల్లి తిరిగొచ్చేసరికి బాబాయి పరీక్ష గదిలో ఎవరికో అద్దాలు మారుస్తున్నాడు. ఎందుకొచ్చావని అడగలేదు. "కామెంట్లు చాలా వచ్చాయి తల్లీ, కాస్త చూడు" అని లోపల్నించే అన్నాడు.

ఆమె తన కుర్చీలో కూర్చుంది. మొదటి కామెంటు ఎవరో పెద్దావిడ పెట్టింది. 'ఈ అమ్మాయిని చూస్తే మా ఇంటి పిల్లలా ఉంటుంది. ఇంకా మీ దగ్గరే పనిచేస్తోందా?'

బుల్లి కీబోర్డు ముందుకు లాక్కుంది. దుకాణం పేరు మీద జవాబు రాసింది.

'ఇక్కడే ఉందండీ. ఎప్పుడైనా రండి.'