ఇప్పటికిది చాలు

నేను ఒక ప్రాసెసర్‌ని. కంప్యూటర్‌కి బుర్ర అంటారే, ఆ బుర్రని నేనే. ఉప్పు బిస్కెట్టంత ఉంటాను. పైన వెండి రంగు మూత, కింద వెంట్రుకల్లాంటి కాళ్ళు, ప్రతి కాలికీ బంగారు పూత. ఇంత చెప్పాను కదా అని నన్నేదో ఘనమైన సరుకనుకునేరు. తణుకులో గంగాధరం ఇంట్లో నన్నెవరూ పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. నా గురించి అన్నదల్లా ఒకటే మాట: "ఇప్పటికిది చాలు."

ముందే చెప్పేస్తున్నాను, నాకు కుళ్ళు ఎక్కువ. దాచుకోను. దాచుకుని ఎవరిని మెప్పించాలి?

అది పుట్టుకతోనే వచ్చింది. సముద్రాల అవతల ఒక ఫ్యాక్టరీలో, అట్లపెనమంత పలక మీద వందలాదిగా ఒకేసారి అచ్చయ్యాం. మమ్మల్ని చేసిన ఇసుక ఒకటే, మూస ఒకటే. తర్వాత విడివిడిగా కోసి పరీక్షకు కూర్చోబెట్టారు. నాలో ఏదో మూల చిన్న లోపం కనబడింది. పారేయలేదు, అంత దుబారా మనుషులు కారు వాళ్ళు. నాలో పని జరిగే గదుల్లో సగానికి తాళాలు వేసి, చవక రకం కింద జమకట్టి, చిన్న అట్టపెట్టెలో పెట్టారు. నన్ను ఆనుకుని పుట్టినదానికి మాత్రం అన్ని గదులూ తెరిచి ఉంచి నల్లటి పెద్ద పెట్టె ఇచ్చారు, పైన మెరిసే అక్షరాలతో సహా. ఒక తల్లి పిల్లలం! ఓడ ఎక్కేదాకా నా చూపంతా ఆ నల్ల పెట్టె మీదే ఉంది.

ఇక గంగాధరం సంగతి. ఆయనకి తణుకు బస్టాండు దగ్గర మందుల షాపు ఉంది. నెమ్మదైన మనిషి. ఉన్న బాధల్లా తోడల్లుడు. భార్య హైమావతికి అక్కగారి భర్త అయిన ఫణికుమార్ రాజమండ్రిలో మేడ మీద ఒక గది మొత్తం సినిమాకే కట్టించాడు. గోడంత తెర, కాళ్ళు చాపుకునే సోఫాలు, గుండెల్లో మోగే స్పీకర్లు. అత్తవారి వైపు ఏ శుభకార్యం జరిగినా దాని వీడియో చూడటానికి అందరూ అక్కడే చేరాలి. గంగాధరానికి ఎప్పుడూ వెనక వరసే. "తమ్ముడూ, ఆ లైటు ఆర్పి రా" అని ఫణికుమార్ పురమాయించేవాడట. ఒకసారి అలా లైటు ఆర్పి వచ్చేసరికి ఆయన చోట్లో ఎవరో కూర్చున్నారు. వీడియో అంతా గుమ్మం దగ్గర నిలబడి చూశాడు. ఇదంతా హైమావతి ఫోన్లో తల్లికి చెప్పుకుంటుంటే విన్నాను.

అంత గది కట్టే తాహతు ఆయనకి లేదు. అందుకని హాల్లో ఉన్న టీవీకే ఒక కంప్యూటర్ తగిలించాలని పథకం వేశాడు. అన్నీ ఒకేసారి కొనలేడు కాబట్టి మారని వస్తువులు మంచివి కొని, మార్చుకోగలిగేది చవకది పెట్టాలి. మారనివంటే అన్నిటినీ కలిపి ఉంచే బోర్డు, పెట్టె, కరెంటు అందించే డబ్బా. మార్చుకోగలిగేది నేను. నన్ను రెండు వేళ్ళ మధ్య పట్టుకునే ఆ సంగతి భార్యకి వివరించాడు.

"బోర్డు దిట్టమైంది హైమా. రేపు ఎంత పెద్ద ప్రాసెసరైనా దీని మీద కూర్చుంటుంది. ఫ్యాను కూడా ఆ పెద్దదానికి సరిపడేదే కొన్నాను."

"మరి ఇదేంటండీ?"

"ఇదా? ఇప్పటికిది చాలు."

అలా కాపురానికి వచ్చాను. వచ్చాక తెలిసింది, ఆ పెట్టెలో ఏదీ నా కోసం కొన్నది కాదని. నా మీద కూర్చున్న ఫ్యాను నా వేడికి ఎప్పుడూ పూర్తిగా తిరిగే అవసరమే రాలేదు. కరెంటు డబ్బా నాకు ఇవ్వగలిగినదాంట్లో పావు వంతు కూడా నేను తీసుకోలేదు. ఇల్లంతా వేరేవాళ్ళ కోసం కట్టి, వాళ్ళు వచ్చేదాకా నన్ను కాపలా పెట్టినట్టుంది. రాని సవతి మీద ఏడవడం ఎవరైనా చూశారా? నేను ఏడ్చాను.

పని మాత్రం మానలేదు. గంగాధరం తల్లి రత్తమ్మగారికి పొద్దున్నే సుప్రభాతం, మధ్యాహ్నం సీరియళ్ళు. హైమావతికి వంటల వీడియోలు. గంగాధరానికి రాత్రి భోజనం దగ్గర పాత సినిమాలు. వెయ్యి రోజులు సరిగ్గా పనిచేస్తే ఎవరూ అనరు గానీ, ఒక్కసారి బొమ్మ ఆగితే చాలు, "పెద్దది వస్తే ఈ తద్దినం ఉండదు" అనేవాడు గంగాధరం. నాకు ఒళ్ళు మండిపోయేది. ఆ మంటకి ఫ్యాను కాస్త జోరుగా తిరిగేది. అదిగో, దీనికి వేడి కూడా ఎక్కువే అని దానికీ ఒక మాట.

అన్నిటికంటే నన్ను కోసింది మొదటి దసరా. ఆ ఇంట్లో ఆయుధపూజ ఘనంగా చేస్తారు. రత్తమ్మగారు గంధం గిన్నె, కుంకుమ భరిణె పట్టుకుని బయల్దేరి స్కూటరుకీ, ఫ్రిజ్‌కీ, మిక్సీకీ, కుట్టుమిషనుకీ, ఆఖరికి ఇస్త్రీపెట్టెకీ బొట్టు పెట్టింది. కంప్యూటర్ దగ్గరికి వచ్చి పెట్టె మీద బొట్టు పెట్టి ఆగింది.

"లోపల దీనికి బుర్ర ఉంటుందన్నావు కదరా, దానికి పెట్టొద్దూ?"

"అది తాత్కాలికం అమ్మా. అసలుది వచ్చేక దానికి పెడుదువుగాని."

"అలాగే" అంది ఆవిడ. ఆవిడ మాట ఇస్తే మర్చిపోయే మనిషి కాదు. ఇస్త్రీపెట్టెకి దక్కిన బొట్టు నాకు దక్కలేదు! ఆ రోజు నుంచి పెద్దదాని గదులు చూసి కాదు, దానికి రాబోయే బొట్టు చూసి కుళ్ళుకోవడం మొదలుపెట్టాను.

కొన్నేళ్ళు గడిచాయి. హైమావతి తమ్ముడు సుధాంశుకి పెళ్ళయింది. పెళ్ళి వీడియో ఇప్పటి పద్ధతిలో తీయించారు, పెళ్ళికూతురి జడలో పూలు లెక్కపెట్టుకోవచ్చు, అంత స్పష్టంగా. ఎక్కడ చూడాలనే ప్రశ్నే లేదన్నట్టు ఫణికుమార్ అందర్నీ రాజమండ్రి రమ్మన్నాడు. అప్పుడు హైమావతి ఫోన్లో అందరూ వింటుండగా ఒక మాట అనేసింది.

"ఈసారి మా ఇంట్లో బావగారూ. దసరా రోజు సాయంత్రం అందరూ భోజనానికి కూడా ఇక్కడికే రండి."

 అటు అక్కగారు అందట, "మీ టీవీలో ఆ వీడియో ఆడుతుందా హైమా?" అని. గంగాధరం పెళ్ళి వీడియో ఉన్న పెన్‌డ్రైవు పెట్టి చూశాడు. నేను ప్రాణం పెట్టి లాగాను. మూడుముళ్ళ ఘట్టంలో పెళ్ళికొడుకు చేయి గాలిలోనే ఆగిపోయింది. కాసేపటికి ఒక ముడి పడింది. మళ్ళీ ఆగింది. హైమావతి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ వారమే పెద్దది వచ్చింది.

నల్లటి పెట్టె. మెరిసే అక్షరాలు. నేను ఓడ దగ్గర చూసినదే అంటే మీరు నమ్మరు, నేనూ ఒట్టు వేయను. కానీ ఆ జాతే.

దసరా పొద్దున గంగాధరం నన్ను ఊడదీశాడు. కూర్చున్న చోటు చల్లారకముందే తీసి అరుగు మీద పాత పేపర్లో పెట్టాడు. పెద్దదాన్ని ప్లాస్టిక్ డబ్బీలోంచి తీసి ఇత్తడి పళ్ళెంలో, అక్షింతల మధ్య, అమ్మవారి పటం ముందు పెట్టాడు. "అమ్మా, ఇదే అసలుది. బొట్టు పెట్టు, నేను ఫ్యాను తుడిచి వస్తాను" అని హాల్లోకి వెళ్ళాడు. పూజగది తలుపు తీసే ఉంది. అరుగు మీంచి నాకు అంతా కనబడుతోంది. ఇంతకంటే శిక్ష ఏముంటుంది?

రత్తమ్మగారు దాన్ని చేతిలోకి తీసుకుంది. పైన వెండి మూత, దాని మీద ఏవో రాతలు. తిప్పి చూసింది. కింద బంగారంలా మిలమిలలాడుతూ కాళ్ళు.

"అదీ! ముఖం ఇటు పెట్టుకుని బోర్లా పడుకోబెట్టేడు, తిక్క సన్నాసి" అంది.

తడి గంధంలో బొటనవేలు ముంచి, ఆ బంగారు కాళ్ళ నడిమధ్యన, భక్తిగా, గట్టిగా అద్దింది. దాని మీద కుంకుమ అద్దింది. నాలుగు మూలలా పసుపు పెట్టింది. నాకు కెవ్వున అరవాలనిపించింది. అరిచే నోరు లేదు. ఉంటే అరిచేదాన్నా అంటే, అదీ చెప్పలేను.

గంగాధరం వచ్చి చూసి పళ్ళెం లాక్కున్నాడు.

"ఏవిటిరా? కుంకం ఎక్కువైందా?" అంది రత్తమ్మగారు.

గంగాధరం షాపు నుంచి సన్నటి ఇంజెక్షను సూది తెచ్చి, వంగిన కాళ్ళని ఒక్కొక్కటే నిలబెట్టబోయాడు. గంధం అప్పటికే ఎండి పట్టేసింది. ఒక కాలు లేచింది, రెండు విరిగాయి. కాళ్ళన్నీ నిటారుగా బోర్డులోకి దిగితే తప్ప మా జాతికి ప్రాణం రాదు. అమ్మిన కుర్రాడికి ఫోటో పంపి ఫోను చేస్తే, "గంధానికి వారంటీ లేదండి" అన్నాడు. పాపం, నవ్వాపుకుని అన్నాడు.

నాకు సంతోషం వేసిందా అని అడగండి. వేసింది. అయ్యో అనిపించే ముందు సంతోషమే వేసింది.

రత్తమ్మగారు విషయం తెలిసి కొంగు నోట్లో కుక్కుకుని మూల కూర్చుంది. "నువ్వే కదరా అన్నావు, అసలుది వచ్చేక పెట్టమని" అంటుంది, ఏడుస్తుంది. హైమావతి పులిహోర కలుపుతున్న చేత్తోనే వచ్చింది. అత్తగారిని ఒక్క మాట అనలేదు. భర్తని అడిగింది.

"బావగారికి ఫోన్ చేసి రాజమండ్రిలోనే పెట్టుకోమని చెప్పేద్దామా అండీ?"

గంగాధరం అరుగు మీదకి వచ్చి పేపర్లోంచి నన్ను తీశాడు.

"ఉండు హైమా. అంత బరువు వీడియో ఇది ఆడించలేదు. కానీ దాన్నే మామూలు వీడియో కింద మార్చి ఇస్తే ఆడిస్తుంది. ఆ మార్చడం కూడా ఇదే చెయ్యాలి. సాయంత్రానికి అవుతుందో లేదో."

నన్ను తిరిగి నా చోట కూర్చోబెట్టాడు. మొదటిసారి, కూర్చోబెట్టే ముందు, చొక్కా అంచుతో నా మూత తుడిచాడు.

ఆ మధ్యాహ్నం నేను పడిన పాటు నాకే తెలుసు. ఒక్కో బొమ్మనీ విప్పి, చిన్నది చేసి, మళ్ళీ మడతపెట్టి లోపల పెట్టాలి. తెరిచి ఉన్న గదులు తక్కువ, తోసుకొస్తున్న బొమ్మలు లక్ష. ఆ పెద్ద ఫ్యాను జీవితంలో మొదటిసారి పూర్తి జోరుతో తిరిగింది, నా కోసం. కరెంటు డబ్బా ఎంత అడిగితే అంత ఇచ్చింది. గంగాధరం పెట్టె తలుపు తీసి, టేబుల్ ఫ్యాను తెచ్చి ఎదురుగా పెట్టాడు. హైమావతి బూరెలు వేస్తూ మధ్యమధ్యలో వచ్చి, "ఎందాకా వచ్చిందండీ?" అని అడిగేది. "తలంబ్రాల దాకా" అనేవాడు. "అప్పగింతల దాకా" అనేవాడు. నేను లాగుతూనే ఉన్నాను. అమ్మవారి దగ్గర కూర్చున్నదానికి చూపించాలి కదా, సగం గదులు మూసినా ఏం చేయగలనో!

వీధిలో కారు ఆగిన చప్పుడు, నా పని అయిన చప్పుడు ఇంచుమించు ఒకేసారి వినబడ్డాయి.

బొమ్మ ఆడింది. ఎక్కడా ఆగలేదు. మూడుముళ్ళూ చకచకా పడ్డాయి. చుట్టాలంతా నేల మీద చాపలేసుకుని, బూరెలు తింటూ, ఒకరినొకరు చూపించుకుంటూ నవ్వుతున్నారు. గంగాధరం ముందు వరసలో, కుర్చీలో కూర్చున్నాడు. హైమావతి ఫణికుమార్‌తో, "బావగారూ, కాస్త ఆ లైటు ఆర్పరూ" అంది. ఆయన లేచి ఆర్పాడు. ఆ క్షణంలో నేను ఆవిడ కోసం ఇంకో పెళ్ళి వీడియో కూడా మార్చి ఇచ్చేదాన్ని.

అయిపోయాక ఫణికుమార్ పెట్టె దగ్గరికి వచ్చి తట్టి చూశాడు. "బాగుంది తమ్ముడూ. కొత్త ప్రాసెసరేనా?"

గంగాధరం పెట్టె వైపు చూశాడు. నేను ఎదురు చూశాను.

"ఆ, కొత్తదే అన్నయ్యగారూ" అన్నాడు.

"కొత్తది అమ్మవారి దగ్గరుంది బాబూ" అంది రత్తమ్మగారు ఉండబట్టలేక. ఫణికుమార్‌కి అది భక్తిగా వినబడింది. "అంతా ఆ తల్లి దయే పిన్నిగారూ" అని పూజగది వైపు చేతులు జోడించాడు.

చాకిరీ నాది, దండం దానిది. అప్పటి నా మంట చల్లార్చే ఫ్యాను ఇంకా పుట్టలేదు.

తర్వాత మళ్ళీ అప్‌గ్రేడ్ మాట ఎవరూ ఎత్తలేదు. బొట్టు పెట్టినదాన్ని చెత్తలో వేయకూడదని పెద్దది ఇత్తడి పళ్ళెంలోనే ఉండిపోయింది. రోజూ దానికో పువ్వు. నాకు రోజూ సీరియళ్ళు. చాలా కాలం అలా లాగాక ఆ దిట్టమైన బోర్డే చచ్చిపోయింది. అప్పటికి మా జాతి కూర్చునే బోర్డే బజారులో లేదు. భవిష్యత్తు కోసమని అంత ఆలోచించి కొన్న బోర్డు ఇది. గంగాధరం టీవీ వెనక తగిలించే చిన్న డబ్బీ ఒకటి తెచ్చుకుని, పెట్టెని పాత ఇనుము వాడికి వేస్తూ నన్ను ఊడదీశాడు.

"అది ఇటియ్యి" అంది రత్తమ్మగారు. "ఆ వేళ పాపం అదే కదరా పరువు కాపాడింది."

నన్ను పళ్ళెంలో పెద్దదాని పక్కన పెట్టింది. దసరా నాడు తిప్పి పట్టుకుని, తడి గంధంలో బొటనవేలు ముంచి, కాళ్ళ నడిమధ్యన గట్టిగా అద్దింది. బంగారు కాళ్ళు వంగాయి. ఇక వాటితో నిలబడాల్సిన చోటు లేదు కాబట్టి నొప్పి తెలియలేదు. చల్లగా ఉంది. ఇన్నేళ్ళూ కుళ్ళుకున్నది ఈ కాస్త చల్లదనానికేనా అనుకున్నాను.

ఆ సాయంత్రం, ఇంట్లో వాళ్ళు హాల్లో ఏదో చూసి నవ్వుతుంటే, పక్కనున్న పెద్దది మొదటిసారి నాతో మాట్లాడింది. ఒక్కసారైనా ఏ ఇంటి కరెంటూ ఎరగని గొంతు అది.

"ఆ పెళ్ళిలో ఏం జరిగింది? నువ్వు చూశావట కదా. బొమ్మ అంటే ఎలా ఉంటుంది?"

అన్ని గదులూ తెరిచే ఉన్నాయి దానికి. ఒక్కదాంట్లోనూ ఏమీ లేదు. ఎంత ఆశగా అడిగిందో! చెప్పాలనే అనిపించింది. పెళ్ళికూతురి జడ, తలంబ్రాలు, ముందు వరసలో గంగాధరం, అన్నీ నోటి దాకా వచ్చాయి.

"తర్వాత చెబుతాలే" అన్నాను.